కాలి వాపు తలరాత కాదు - మోరీ రాత!

"బాంచెను దొరా, నీ కాల్మొక్త" అని తరతరాలు దొరల కాళ్ళు మొక్కినం. వాళ్ళ కాళ్ళు ఒత్తినం. వాళ్ళ కాళ్ళకు చెప్పులు కుట్టినం. మన కాళ్ళు ఎట్లున్నయో ఎన్నడన్నా కూసోని చూసుకున్నమా?

ములుగు చుట్టుపక్కల వాడల్లో సంఘం పని మీద తిరుగుతుంటే మాకు ముఖాల కంటే ముందు కాళ్ళే కనపడుతున్నయి. చీర కుచ్చిళ్ళ కింద దాచుకున్న కాళ్ళు, లుంగీ కిందికి జార్చి కప్పుకున్న కాళ్ళు. ఒకటి మామూలుగా ఉంటే ఒకటి రోకలి లెక్క ఉబ్బినయి. పొద్దుగూకేసరికి రెండూ పొంగి, వేలితోని నొక్కితే గుంట పడేటియి. ఏమైంది అంటే "ఏముంది బిడ్డా, మా ఒంటి తీరే అంత" అంటరు. కొందరు "పాపం పండింది" అంటరు. ఏ పాపం? ఎవరు చేసిన పాపం? ఈ సంచికల దాని గురించే మాట్లాడుకుందాం. ఇది డాక్టర్ల సంగతి, సంఘానికి ఎందుకు అనుకునే కార్యకర్తలు ముందుగాల చదవాలె.

అవ్వ ముచ్చట

మా వాడల ఒక అవ్వ ఉన్నది. పేరు రాయం. నలభై ఏండ్లు నాట్లేసింది. బురదల దిగబడే పనికి ఆమెను మించినోళ్ళు లేరు. ముప్పై ఏండ్ల వయసుల ఒకసారి గజ్జలల్ల బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, ఎడమ కాలు ఎర్రగ కాలిపోయిందట. నాలుగొద్దులకు తగ్గింది. మళ్ళ ఆర్నెల్లకు వచ్చింది. మళ్ళ మళ్ళ వచ్చింది. వచ్చినప్పుడల్లా కాలు కొంత ఉబ్బి, జ్వరం పోయినా వాపు అక్కడనే ఆగింది.

ఎన్ని చేసిండ్రు ఆమెకు! పసరు కట్టిండ్రు, వాతలు పెట్టిండ్రు, తాయెత్తు కట్టిండ్రు. సూది మందు వేసేటాయన వారానికో సూది వేసిండు. మేకలమ్మిన పైసలు సూదులకు పోయినయి. పెండ్లిళ్ళల్ల బంతిల కూసుండుడు మానుకున్నది. పక్కన కూసున్నోళ్ళు జరిగి కూసుంటున్నరని. బిడ్డకు సంబంధం చూడవచ్చినోళ్ళు తల్లి కాలు చూసి లేచిపోయిండ్రు. ఒక ఆఫీసుల పింఛను కాగితం పట్టుకొని నిలవడితే, అక్కడున్న గుమాస్తా ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నడు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చిందట. కాలు ఉబ్బినందుకు ఎన్నడు ఏడ్వలేదు, ముక్కు మూసుకున్నందుకు ఏడ్చింది.

ఆ అవ్వకు వచ్చింది బోదకాలు. పైలేరియా అంటరు డాక్టర్లు. అది పాపం వల్ల రాలేదు, దోమ వల్ల వచ్చింది. ఆ దోమ మోరీల పుట్టింది. ఆ మోరీ ఊరంతా తిరిగి తిరిగి వచ్చి ఎక్కడ ఆగుతది? మన వాడల ఆగుతది.

వాపు అంటే ఏంది?

లక్నవరం చెరువు, రామప్ప చెరువు మనకు ఎరుకే. కాకతీయుల కాలం నాటి చెరువులు. చెరువు నీళ్ళు తూముల నుంచి కాలువలకు, కాలువల నుంచి పొలాలకు పోతయి. పొలంల మిగిలిన నీళ్ళు మళ్ళ ఒర్రెకు పోవాలె. ఒర్రె పూడిపోయిందనుకో, నీళ్ళు పొలంలనే నిలుస్తయి. వరి మురిగిపోతది.

మన ఒంట్లనూ అంతే. గుండె కొట్టిన నెత్తురు నాళాలల్ల పోతుంటే కొంత నీరు సన్న నాళాల గోడలల్ల నుంచి కండలోకి ఊరుతది. ఆ నీరు నిలవకుంట తిరిగి తీసుకపోవటానికి ఒంటినిండా సన్నని కాలువలున్నయి. వాటిని లింఫు నాళాలు అంటరు. గజ్జలల్ల, చంకలల్ల ఉండే బిళ్ళలు వాటి మధ్యల ఉండే మడుగుల లెక్క. వచ్చే నీరు ఎక్కువైనా, పోయే దారి మూసుకపోయినా కాలు ఉబ్బుతది. అంటే వాపు ఒక రోగం కాదు, ఒక గుర్తు. ఒంట్ల ఎక్కడో ఏదో చెడ్డదని కాలు చెప్పే మాట. ఆ మాట వినకుంట వాపును ఒక్కదాన్నే తగ్గించాలని చూస్తే లోపలి రోగం పెరుగుతనే ఉంటది.

అందుకని ముందు చూడుడు నేర్చుకోవాలె. పాదం మీద, ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి పది లెక్కపెట్టేదాక నొక్కు. తీసినంక గుంట నిలిచిందా? ఒక కాలుకే ఉన్నదా, రెండింటికా? పొద్దున ఎక్కువనా, సాయంత్రం ఎక్కువనా? ముఖం ఉబ్బిందా? ఎగపోస్తున్నదా? ఇవి చూడటానికి ఎంబీబీఎస్ చదవాల్సిన పని లేదు. రోగం పేరు తేల్చేది డాక్టరే. కానీ ఎంత తొందరగ డాక్టరు దగ్గరికి పోవాల్నో మనకు తెలువాలె.

పొద్దున లేవంగనే ముఖం, కండ్ల కింద ఉబ్బి, మూత్రం తగ్గినా నురుగొచ్చినా కిడ్నీల మీద అనుమానం పడాలె. రెండు కాళ్ళు ఉబ్బి, నడిస్తే ఆయాసం, పండుకుంటే ఊపిరాడకపోవుడు ఉంటే గుండె మీద. కడుపు కుండ లెక్క ఉబ్బి, కండ్లు పచ్చబడి, కాళ్ళు పొంగితే కాలేయం మీద. ఇది తాగుడు ఎక్కువున్న ఇండ్లల్ల ఎక్కువ చూస్తం. గుడుంబా, చీపు లిక్కరు మన మగోళ్ళ కాలేయాలను తింటున్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. చిన్న పిల్లల పాదాలు ఉబ్బి, వెంట్రుకలు ఎర్రబారి, ఊకె ఏడుస్తుంటే అది బలం అనుకోవద్దు. పప్పు, గుడ్డు, పాలు అందని ఉబ్బు అది.

ఒక్క పిక్క హఠాత్తుగ ఉబ్బి, నొప్పి పుట్టి, వేడిగ ఉంటే నాళంల నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. రుద్దవద్దు, నూనె పెట్టి మర్దన చేయవద్దు. అదే రోజు దవాఖానకు పోవాలె.

నిండు చూలాలికి సాయంత్రం పాదాలు కొంచెం ఉబ్బుడు మామూలే. కానీ ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి పుట్టినా, కండ్లకు మసకలు కమ్మినా ఒక్క గడియ ఆగొద్దు. బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చేటట్టున్నదని గుర్తు. తల్లీ పోతది, బిడ్డా పోతది. 108కి ఫోను చేయాలె. "కాన్పుకు ముందు నీరు పట్టుడు మంచిదే" అనే మాట ఎంతమంది తల్లులను మింగిందో లెక్క లేదు.

ఈ తేడా తెలువక ఏమైతదో మేము కండ్లారా చూసినం. గోవిందరావుపేట దిక్కు ఒక పిలగాడు, ముప్పై కూడా లేవు. రెండు పాదాలు ఉబ్బినయి. ఇంటోళ్ళు బోదకాలే అనుకున్నరు. మూడు నెలలు పసరు కట్టిండ్రు. కాళ్ళ నొప్పులకని రోజూ నొప్పుల గోళీలు మింగిచ్చిండ్రు. వరంగల్ తీసుకపోయేసరికి రెండు కిడ్నీలు చెడిపోయినయి. ఇప్పుడు డయాలిసిస్ మీద బతుకుతున్నడు. మొదటి వారంలనే మూత్ర పరీక్ష, నెత్తురు పరీక్ష చేపిస్తే ముందే తెలుస్తుండె. నొప్పుల గోళీలు ఎక్కువ దినాలు మింగితే కిడ్నీలకు చేటు. తొందరగ సుఖమిచ్చే స్టెరాయిడ్ సూదులకైతే ఒంటికి నీరు పడతది, ముఖం గుండ్రమైతది. చూసినోళ్ళు "ఒళ్ళు చేసిండు" అంటరు. అది ఒళ్ళు కాదు, ఉబ్బు.

దోమ కథ, పనోడి కథ

1877ల చైనాలోని అమోయ్ పట్నంల ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లాండ్ డాక్టరు పైలేరియా పురుగు దోమ కడుపుల పెరుగుతదని కనిపెట్టిండు. పుస్తకాలల్ల ఆయన పేరు పెద్దగ ఉంటది. కానీ ఆ దోమలు ఎవరి నెత్తురు తాగినయి? ఆయన దగ్గర పనిచేసే హిన్ లో అనే మనిషి నెత్తురు. ఆ పనోడి ఒంట్ల పురుగు ఉన్నది. దోమలున్న గదిల ఆయన్ను పండబెట్టి, నెత్తురు తాగిన దోమలను పట్టి కోసి చూసిండ్రు. ఇరవై ఏండ్లకు, 1897ల, మన సికింద్రాబాద్‌ల రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది కూడ హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలతోనే. శాస్త్రానికి నెత్తురిచ్చింది పేదోళ్ళు. దాని ఫలం పేదోళ్ళకు చేరుటానికే వందేండ్లు పట్టింది, ఇంకా పూర్తిగ చేరలే.

పైలేరియా దోమ క్యూలెక్స్ దోమ. మురికి నీళ్ళల్ల పుడతది. నిలిచిన మోరీలు, మూత లేని సెప్టిక్ ట్యాంకులు, గుంతలు దానికి పుట్టిల్లు. రాత్రిపూట కుడతది. పురుగు పిల్లలు కూడ రాత్రిపూటనే మనిషి పైనెత్తురుల తిరుగుతయి. అందుకనే ఆరోగ్య శాఖోళ్ళు రాత్రి పది దాటినంక వచ్చి నెత్తురు చుక్క తీసుకుంటరు. "రాత్రి నెత్తురు తీసేటోళ్ళు దొంగలు" అని తలుపులేసుకునుడు మానాలె. దారం లెక్క ఉండే పెద్ద పురుగులు లింఫు నాళాలల్ల గూడు కట్టుకొని ఏండ్ల తరబడి బతుకుతయి, ఆ నాళాలను చెడగొడతయి. మన ఒర్రెల నాచు పట్టి నీరు ఆగినట్టు కాలుల నీరు ఆగుతది.

ఇక్కడ ఒక మాట బాగ గుర్తుపెట్టుకోవాలె. ఒకటి రెండు దోమలు కుడితే ఈ రోగం రాదు. నెలలు, ఏండ్లు, వందల సార్లు కుట్టాలె. ఒక్క రాత్రి పల్లెనిద్ర చేసిపోయే అధికారికి రాదు. ఏసీ గదుల పండేటాయనకు రాదు. మోరీ పక్కన గుడిసెల పుట్టి, అక్కడనే పెరిగి, అక్కడనే రోజూ పండుకునేటోళ్ళకు వస్తది. చిన్నప్పుడు పట్టిన పురుగు పెద్దయినంక కాలు ఉబ్బిస్తది. అందుకే ఇది తలరాత కాదు, మోరీ రాత అంటున్నం. ఊరి మధ్యల సిమెంటు మోరీ కట్టి, దాని కొసను మన వాడ మొదట్ల వదిలిపెట్టినోళ్ళు రాసిన రాత. ఆ మోరీకి ఎస్టిమేటు రాసినప్పుడు కొస ఎక్కడ పెట్టాల్నో ఎవరూ మనల్ని అడగలే.

మేడారం జాతర రెండేండ్లకోసారి వస్తది. తాడ్వాయి అడివిల లక్షలమందికి నల్లాలు పెడతరు, మరుగుదొడ్లు కడతరు, దవాఖాన పెడతరు, దోమల మందు కొడతరు. మంచిదే, చేయాలె, సమ్మక్క సారలమ్మలు మనోళ్ళే. నాలుగొద్దులకు అంత చేయగలిగిన సర్కారు, ఏడాదంత బతికే వాడల ఒక్క మోరీ కొసను ఊరవతల దించలేదా?

నిషేధించినవే మందులు

ఇగ అసలు సంగతి. బోదకాలు ముదిరినంక మళ్ళ పూర్తిగ మామూలు కాలు చేసే గోళీ లేదు. నీళ్ళ గోళీ అని ఎక్కువ మూత్రం పోయే మందు ఇస్తరు. అది గుండె, కిడ్నీ వాపులకు డాక్టరు చూసి ఇచ్చేది, బోదకాలుకు పనిచెయ్యదు. అట్లని చేసేది ఏం లేదని కాదు. కాలు ఇంకా పెరగకుంట, చలిజ్వరం రాకుంట ఆపొచ్చు. దానికి దేశదేశాల డాక్టర్లు చెప్తున్న మందులు ఏందో వినుండ్రి: రోజూ సబ్బుతోని నీళ్ళతోని కడుగుడు, చెప్పులు తొడుగుడు, కాలు ఎత్తు మీద పెట్టుకొని పండుకునుడు.

విన్నంక మాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది. నీళ్ళు, చెప్పులు, మంచం! కులం మనకు వద్దన్నవి ఈ మూడే కదా!

ఊర బావిల చేద వెయ్యనియ్యలే. మహద్‌ల చౌదారు చెరువు నీళ్ళు తాగటానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటేసుకొని నడవాల్సి వచ్చింది. ఇయ్యాల వాడకు నల్లా వచ్చింది, నిజమే. పైపు కొసకున్న మనకు సన్న ధార వస్తది, కొన్ని దినాలు అదీ రాదు.

తోలు తెచ్చి, ఊనబెట్టి, చెప్పులు కుట్టింది మనం. ఆ చెప్పులు తొడిగి దొర గడి ముందట నడవనియ్యలే. చేతుల పట్టుకొని, నెత్తి మీద పెట్టుకొని దాటినం. చెప్పు లేని కాలుకు ముల్లు గుచ్చుకుంటది, వేళ్ళ సందులల్ల బురద పుండ్లు పడతయి. ఆ పుండు నుంచే సూక్ష్మజీవులు లోపలికి పోతయి. బోదకాలుకు వచ్చే చలిజ్వరం చాలావరకు ఆ పుండు పుణ్యమే. జ్వరం వచ్చినప్పుడల్లా కాలు ఇంకొంత ముదురుతది. అంటే చెప్పులు విప్పించిన కులం, కాలును కూడ ముదిరించింది.

మంచం సంగతి చెప్పేదేముంది? దొర తొవ్వల పోతుంటే మంచం మీద కూసున్నోడు దిగ్గున లేవాలె. కాళ్ళు చాపితే బలుపు. ఇయ్యాల డాక్టరు "కాలు పైకి పెట్టి రెస్టు తీసుకో అమ్మా" అంటడు. పొద్దున ఆరింటికి ఆటోల ఎక్కి పొద్దుగూకేదాక బురదల నిలబడే కూలి మనిషికి రెస్టు ఎవరిస్తరు? ఆ రోజు కూలి ఎవరిస్తరు?

అందుకని మేమనేది: కాలు కడుక్కునుడు, చెప్పు తొడుక్కునుడు, మంచమెక్కి కాలు చాపుకునుడు కేవలం వైద్యం కాదు. ఆత్మగౌరవం కూడ. సంఘం పనిల ఇది భాగం.

ఎట్ల చేయాలె?

అవ్వకు మేము చూపించింది, ఆమె ఇప్పుడు పదిమందికి చూపిస్తున్నది ఇక్కడ రాస్తున్నం.

రోజూ రెండు పూటలు, కుదరకపోతే పని నుంచి వచ్చినంక ఒక్కపూటన్నా కాలు కడగాలె. మసిలే నీళ్ళు వద్దు, మామూలు నీళ్ళు చాలు. ఒంటి సబ్బు చాలు. మోకాలు నుంచి మొదలుపెట్టి కిందికి, ముడుతల నడుమ, ఒక్కొక్క వేలి సందుల నెమ్మదిగ కడగాలె. రాయితోని, పీచుతోని రుద్దవద్దు. సబ్బంత పోయేదాక నీళ్ళు పోయాలె. మెత్తటి గుడ్డతోని అద్దుతూ తుడవాలె. వేళ్ళ సందుల తడి ఉంటే పాచి పట్టి పుండు పడతది. గుడ్డ కొసను సందుల దూర్చి ఆరబెట్టాలె. పుండు, పగులు, పాచి కనపడితే సర్కారు దవాఖానల మలాం అడిగి రాయాలె. గోర్లు పొట్టిగ ఉంచాలె.

రాత్రి మంచం కాళ్ళ దిక్కు కోళ్ళ కింద రెండు రెండు ఇటుకలు పెట్టాలె. కూసున్నప్పుడు కాలు పీట మీద పెట్టాలె. మొదటి దశల ఉన్నోళ్ళకు తెల్లారేసరికి వాపు దిగుతది. అప్పుడే జాగ్రత్తపడితే కాలు దక్కుతది. కానీ గుండె జబ్బు, ఆయాసం ఉన్నోళ్ళు డాక్టర్ను అడగకుంట ఇది చేయొద్దు. కూసున్న కాడనే మడిమను గుండ్రంగ తిప్పుడు, మునివేళ్ళ మీద లేచి దిగుడు చేస్తే పిక్క కండ పంపు లెక్క పనిచేసి నీటిని పైకి తోస్తది.

చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడితే ఆ నాలుగొద్దులు కసరత్తు బందు. చల్లటి తడిగుడ్డ వెయ్యాలె, నీళ్ళు బాగ తాగాలె, పండుకోవాలె, డాక్టరు దగ్గరికి పోయి మందు తీసుకోవాలె. వేడి కాపడం, పసరు, వాతలు, బ్లేడుతోని కోసుడు - ఏవీ వద్దు.

ఈ పద్ధతి మొదలుపెట్టినంక అవ్వ కాలు సన్నబడలేదు. అబద్ధం చెప్పం. కానీ ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే జ్వరం ఒక్కసారికి దిగింది. వాసన పోయింది. మొన్న ఒక పెండ్లిల బంతిల కూసోని తిన్నది. "ఈ ముచ్చట నలభయ్యేండ్ల కింద ఎవ్వలన్నా చెప్తే పోవుగద బిడ్డా" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

గుండె, కిడ్నీ వాపులున్నోళ్ళకు ఇంకొక మాట. ఉప్పు తగ్గించాలె. ఉప్పు ఒంట్ల నీటిని ఆపుతది. పప్పు కూర లేని ఇంట్ల గొడ్డుకారం, పచ్చడి, ఎండు చేపలతోనే బువ్వ పోతదని మాకు తెలువదా? తెలుసు. ఉప్పు ఎక్కువ తినుడు రుచి కోసం కాదు, కూర లేక. అందుకే రేషను దుకాణంల బియ్యంతోపాటు పప్పు, నూనె అడుగుడు కూడ వాపు వైద్యమే.

గోళీల రోజు

దేశంల 2004 నుంచి పైలేరియా ఉన్న జిల్లాలల్ల అందరికీ ఏడాదికోసారి గోళీలిచ్చే కార్యక్రమం నడుస్తున్నది. డీఈసీ గోళీలు, ఒక అల్బెండజోల్ గోళీ. రెండేండ్ల నుంచి ఐదేండ్లదాక డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగుదాక రెండు, పదిహేను దాటినోళ్ళకు మూడు. అల్బెండజోల్ నమిలి మింగాలె. బువ్వ తిన్నంకనే వేసుకోవాలె. రెండేండ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగ జబ్బుతోని ఉన్నోళ్ళు వేసుకోవద్దు. కొన్ని జిల్లాలల్ల మూడో మందు ఐవర్మెక్టిన్ కూడ కలిపి ఇస్తున్నరు.

"నాకు వాపు లేదు, నేనెందుకు మింగాలె" అని గోళీలను చూరుల చెక్కేటోళ్ళు మనలనే ఉన్నరు. పురుగు ఒంట్ల ఉన్నా ఏండ్లదాక వాపు రాదు. నీకు వాపు రాకముందే నీ నెత్తురు తాగిన దోమ నీ బిడ్డను కుడతది. మింగినంక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తది. పురుగులు చస్తున్నయని దానర్థం, ఒకటి రెండు దినాలల్ల తగ్గుతది. ఎక్కువైతే దవాఖానకు పోవాలె. గోళీలు తెచ్చే ఆశా అక్క కూడ మన ఇంటి బిడ్డే, చాలని జీతానికి ఎండల తిరుగుతున్నది. ఆమె మీద అరవొద్దు.

ఇది పోని రోగం కాదు. శ్రీలంక 2016ల పోగొట్టింది. మనకంటే పేద దేశమని మనం అనుకునే బంగ్లాదేశ్ 2023ల పోగొట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది. మన దేశం 2002 ఆరోగ్య విధానంల 2015కల్లా పోగొడతమని రాసుకున్నది. ఆ గడువు దాటింది. గడువు జరిపి జరిపి ఇప్పుడు 2027 అంటున్నది.

దాచుకునుడు, నవ్వుడు - రెండూ బందుపెట్టాలె

మగోళ్ళకు ఈ పురుగు వల్లనే బుడ్డ దిగుతది. సిగ్గుతోని పంచె కింద దాచుకొని ఏండ్లు గడుపుతరు. పని చేయలేరు, సంసారం చేయలేరు, ఎవరికీ చెప్పలేరు. అన్నలారా, బోదకాలుకు పూర్తి మందు లేదు గాని బుడ్డకు ఉన్నది. చిన్న ఆపరేషన్, సర్కారు దవాఖానల చేస్తరు. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇంకొక మాట మన వాడకే చెప్పాలె. ఊరు మనల్ని అంటరానోళ్ళన్నది. మనం మనలోనే బోదకాలు ఉన్నోళ్ళను అంటరానోళ్ళను చేస్తున్నం. "ఏనుగు కాలోడు" అని పిలుస్తం. బంతిల జరిగి కూసుంటం. సంబంధం తప్పిస్తం. ఈ రోగం ముట్టుకుంటే అంటదు, పక్కన కూసుంటే అంటదు, ఒక్క కంచంల తిన్నా అంటదు. నడుమ దోమ లేకుంట ఒకరి నుంచి ఒకరికి రాదు. అంటరానితనాన్ని అనుభవించినోళ్ళం, ఇంకొకరికి దాన్ని అంటగడతమా?

ఏమడగాలె?

2018 ఏప్రిల్ నుంచి తెలంగాణల బోదకాలు బాధితులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలైంది. 2019ల దాన్ని 2016 రూపాయలు చేసిండ్రు. 2023 ఎన్నికలల్ల నాలుగు వేలు ఇస్తమని కాంగ్రెస్ వాగ్దానం చేసింది. పింఛను మన హక్కు, ఒక్క రూపాయి వదలొద్దు. కానీ కాలు చెడినంక పింఛనిచ్చే సర్కారు, కాలు చెడకముందు మోరీ ఎందుకు తియ్యదని అడుగుతున్నం.

2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా అయింది. ఆఫీసులు దగ్గరికొచ్చినయి. మనం పోయి అడగాలె.

వాడలల్ల నిలిచే ప్రతి మోరీ కొసను ఊరవతలికి దించాలె. సెప్టిక్ ట్యాంకుల గాలి గొట్టాలకు జాలీలు కట్టాలె. బోదకాలు ఉన్న ప్రతి ఒక్కరికి టబ్బు, మగ్గు, సబ్బు, తుండుగుడ్డ, మలాంతోని కిట్టు ఒకసారి ఇచ్చి ఊకోకుంట, అయిపోయినప్పుడల్లా ఇయ్యాలె. ఉబ్బిన కాలుకు పట్టే మెత్తటి చెప్పులు కొలత తీసి కుట్టించి ఇయ్యాలె. ఆ పని చెప్పులు కుట్టే మనోళ్ళకే ఇయ్యాలె, కూలి కట్టియ్యాలె. పీహెచ్‌సీలల్ల బీపీ, మూత్ర పరీక్ష, నెత్తురు పరీక్ష రోజూ చేయాలె. చలిజ్వరం వచ్చిన దినాలకు ఉపాధి హామీ పనిల మస్టర్ పొయ్యిందని పేరు కొట్టెయ్యొద్దు. పింఛను కోసం వచ్చినోళ్ళ ముందట ఏ ఆఫీసుల గాని ముక్కు మూసుకోవద్దు.

సర్కారు చేసేదాక కాళ్ళు చాపి కూసుందామా? వద్దు. ప్రతి వాడల సంఘం ఇద్దరిని ఎంచుకోవాలె, ఒక అక్క, ఒక తమ్ముడు. ఇల్లిల్లు తిరిగి ఎవరి కాలు ఎట్లున్నదో చూడాలె. ఒక నోటు పుస్తకంల రాయాలె. ఆదివారం ఒకచోట కూసోని కాళ్ళు కడుగుడు చేసి చూపించాలె. మోరీల వారానికోసారి చెత్త తీసి నీరు పారిచ్చాలె. ఆ నోటు పుస్తకం తీసుకొని మండల ఆఫీసు ముందట కూసుంటే మన మాటకు లెక్క ఉంటది.

ఇదేం ఉద్యమం, కాళ్ళు కడుగుడా అని ఎవరన్నా నవ్వొచ్చు. వాళ్ళకు ఒక్కటి చెప్పుండ్రి. 1897ల పుణెల ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులకు చాకిరి చేసింది. ప్లేగు పట్టిన ఒక మహర్ పిలగాణ్ణి ఎత్తుకొని దవాఖానకు తీసుకపోయింది. ఆ ప్లేగు ఆమెకు పట్టింది, మార్చి 10న ప్రాణమిడిచింది. బడులు పెట్టిన చేతులే రోగిని ఎత్తుకున్నయి. ఆమె వారసులమని చెప్పుకునేటోళ్ళం, మన అవ్వ కాలు ముట్టుకోవటానికి సిగ్గుపడదామా?

దొరల కాళ్ళు మొక్కిన దినాలు పోయినయి. ఇగ మన కాళ్ళు మనం కడుక్కుందాం. చెప్పులు తొడుక్కుందాం. ఇంకా చాన దూరం నడిచేదున్నది.

జై భీమ్!